కష్టకాలములో గతకారుణ్య స్మరణ

ఆశ్వయుజ మాసము వచ్చినదంటే మన ఉత్తరాంధ్ర తీరవాసుల చూపు తమకు తెలియకుండానే తూర్పు దిక్కుకు మళ్లుతుంది. వరిచేలు పొట్ట మీద ఉండే కాలమది. పండుగకు ఇండ్లకు సున్నము వేసుకొనే కాలము కూడ అదే. సరిగా ఆ రోజులలోనే బంగాళాఖాతము మనలను పలుమార్లు పరీక్షించినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిషాలోని గోపాల్‌పూర్ సమీపములో తీరము దాటుచు మన ఇచ్ఛాపురము, సోంపేట ప్రాంతములను కుదిపివేసినది. సంవత్సరము తిరిగేసరికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముగల గాలులతో విశాఖపట్టణమును తాకి, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను చీకటిలో ముంచినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపములో తీరము దాటి, ఉద్దానపు తోటలను నేలమట్టము చేసినది.

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ఈ పేర్లలో రెండు పరిచితములే. ఉత్తర హిందూ మహాసముద్రములో పుట్టే తుపానులకు పేర్లు పెట్టుటకై భారతదేశముతో సహా ఎనిమిది దేశములు తలకు ఎనిమిది చొప్పున పేర్లు ఇచ్చి కూర్చిన పట్టిక 2004లో వాడుకలోనికి వచ్చినది. అందులో హుద్‌హుద్ ఒమాన్ ఇచ్చిన పేరు. తిత్లీ పాకిస్తాన్ ఇచ్చిన పేరు. తిత్లీ అంటే సీతాకోకచిలుక. హుద్‌హుద్ అంటే తలపై విసనకర్రవలె విచ్చుకొనే కుచ్చు గల ఒక పక్షి. దివ్య ఖుర్‌ఆన్‌లోని నమ్ల్ సూరాలో సులైమాన్ ప్రవక్త కొలువుకు సబా దేశపు వార్తను మోసికొని వచ్చినది ఈ పక్షియే. మన జిల్లాలకు మాత్రము ఈ రెండు పేర్లు పెకలిన చెట్లను, ఎగిరిపోయిన ఇంటికప్పులను గుర్తుకు తెచ్చే పేర్లుగా మిగిలిపోయినవి.

తిత్లీ వెళ్లిన కొన్ని వారములకు మేము తరగతిలో దైవకారుణ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుచుండగా, ఉద్దానపు పల్లెనుండి వచ్చి చదువుకొనుచున్న ఒక విద్యార్థి లేచి నిలబడినాడు. "మాస్టారూ! మా నాన్న ముప్పై ఏళ్లు పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోనాయి. ఇప్పుడు మమ్మల్ని ఏ మేలు తలచుకోమంటారు?" అని అడిగినాడు. ఆనాడు మేము సహనమును గూర్చి మంచిమాటలు కొన్ని చెప్పి అతనిని కూర్చుండబెట్టినాము. గంట మ్రోగినది. తరగతి ముగిసినది. ప్రశ్న మాత్రము ముగియలేదు. ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమును ఇక్కడ చెప్పుటకు ప్రయత్నించుచున్నాము.

ముందుగా ఆ ప్రశ్నలోని బరువును గ్రహించవలెను. కొబ్బరిమొక్క నాటిన ఆరేడు సంవత్సరములకు గాని కాపుకు రాదు. ఒకసారి కాపుకు వచ్చిన చెట్టు ఒక తరమునకు పైగా కాస్తూనే ఉంటుంది. తండ్రి నాటిన చెట్టు కొడుకును చదివిస్తుంది. మనుమరాలికి పెండ్లి చేస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో పోల్చి మాట్లాడుట ఇందుచేతనే. కొబ్బరితో పాటు అక్కడ జీడితోటలు ఉన్నవి, పనసచెట్లు ఉన్నవి. జీడిపిక్కలు ఒలిచి పప్పు తీసే పలాస-కాశీబుగ్గ పరిశ్రమ మీద ఎన్నో కుటుంబములు, ముఖ్యముగా కూలికి పోయే స్త్రీలు, ఆధారపడి ఉన్నారు. దీనికి తోడు మూత్రపిండముల వ్యాధి ఆ ప్రాంతమును ఎన్నో ఏండ్లుగా పీడించుచున్నది. ఇట్టి ఇంటినుండి వచ్చిన పిల్లవాడు అడిగిన ప్రశ్నకు తేలికమాట సమాధానము కాజాలదు.

కష్టమును చిన్నదిగా చూపుటయే దైవస్మరణ అని కొందరు భావిస్తారు. ఇది పొరపాటు. యూసుఫ్ కనబడకుండ పోయిన తరువాత ఆయన తండ్రి యాఖూబ్ ప్రవక్త ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయినాడని ఖుర్‌ఆన్ చెప్పుచున్నది. ఆయన తన దుఃఖమును దాచలేదు. దానిని దేవునితోనే మొర పెట్టుకొన్నాడు. మన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) తమ పసికందు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు కార్చినారు. కన్నీరు విశ్వాసమునకు విరుద్ధమైనచో ఈ మహనీయులు ఏడ్చి ఉండేవారు కారు.

ఆ ఇబ్రాహీమ్ మరణించిన దినమున సూర్యగ్రహణము పట్టినది. ప్రవక్తగారి కుమారుని మరణమునకే సూర్యుడు మసకబారినాడని జనులు అనుకొన్నారు. ప్రవక్తగారు వెంటనే ఆ మాటను ఖండించినారు. సూర్యచంద్రులు దేవుని సూచనలే గాని, ఎవరి చావు పుట్టుకల కొరకో వాటికి గ్రహణము పట్టదని బోధించినారు. దీనిలో మనకు గొప్ప పాఠము ఉన్నది. ఫలానా ఊరివారు పాపము చేసినందుననే అక్కడ తుపాను వచ్చినదని తీర్పు చెప్పే అధికారము మనకెవరికిని లేదు. ఉద్దానపు రైతు చేసిన తప్పు ఏమున్నది? అతడు మొక్క నాటినాడు, నీరు పోసినాడు. వరదలో మునిగి మరణించినవారిని, కూలిన గోడల క్రింద మరణించినవారిని షహీదులతో సమానముగా ఎంచవలెనని ప్రవక్తగారు చెప్పినట్లు హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. కాబట్టి బ్రతికి బయటపడినవారు "మేము మంచివారము గనుక మిగిలినాము" అని అనుకొనరాదు. ఆప్తులను పోగొట్టుకొన్న ఇంటి ముందు నిలిచి, మనము మిగిలినందుకు బిగ్గరగా సంతోషించుట కృతజ్ఞత అనిపించుకొనదు.

ఇక స్మరణ అంటే ఏమి? ఎందుకు చేయవలెను? మానవుని స్వభావములో మరపు ఒక భాగము. అరబ్బీలో మనిషిని ఇన్సాన్ అంటారు. మరపును నిస్యాన్ అంటారు. మొదటి మాట రెండవ మాటనుండియే పుట్టినదని కొందరు ప్రాచీన పండితులు అభిప్రాయపడినారు. వ్యుత్పత్తి ఎట్లున్నను అనుభవము దానిని సమర్థించుచున్నది. ఓడలో పోవుచున్నవారి ఉపమానము ఖుర్‌ఆన్‌లో ఒకటికి మించి చోట్ల వస్తుంది. గాలి అనుకూలముగా ఉన్నంతసేపు వారు సంతోషిస్తారు. నలుదిక్కుల నుండి అలలు మీద పడినప్పుడు నిష్కల్మషముగా దేవుని పిలుస్తారు. ఒడ్డుకు చేరగానే ఆ పిలిచినది తామేనన్న సంగతి మరచిపోతారు. భావనపాడు, కళింగపట్టణము, భోగాపురము తీరములలో పుట్టి పెరిగినవారికి ఈ ఉపమానము విడమరచి చెప్పనక్కరలేదు. అల ఎత్తున పడవ ఉన్నప్పటి మనస్సు వేరు. ఇసుక మీద కాలు మోపిన తరువాతి మనస్సు వేరు.

ఈ మరపు రెండు విధములుగా మనలను చెరుపుతుంది. సుఖకాలములో మరచినవాడు కృతఘ్నుడవుతాడు. కష్టకాలములో మరచినవాడు నిరాశలో పడతాడు. ఒక్క రాత్రి ముప్పై సంవత్సరములను తుడిచివేసినట్లు అతనికి కనబడుతుంది. గత కారుణ్యమును తలచుకొనుట ఈ రెండవ రోగమునకు ఔషధము. ఆ ఔషధమును ఏ విధముగా పుచ్చుకొనవలెనో చక్కగా చూపినది ఖుర్‌ఆన్‌లోని 93వ సూరా, అనగా జుహా సూరా. అందులో ఉన్నవి పదకొండు వాక్యములు మాత్రమే. అది అవతరించిన సందర్భమును తెలిసికొన్నచో దాని విలువ మరింత తెలుస్తుంది.

మక్కాలో ప్రవక్తగారికి కొంతకాలము దైవవాణి రాకడ నిలిచిపోయినది. ముహమ్మద్‌ను అతని ప్రభువు విడిచిపెట్టినాడని విరోధులు ఎగతాళి చేసినారు. ప్రవక్తగారి మనస్సు ఎంతో కలత చెందినది. అప్పుడు ఈ సూరా అవతరించినది. ప్రొద్దెక్కిన వేళ మీద, నిశ్శబ్దమైన రాత్రి మీద ప్రమాణముతో అది ప్రారంభమవుతుంది. వెలుగును చీకటిని రెండింటిని సాక్ష్యముగా నిలిపి, నీ ప్రభువు నిన్ను విడువలేదు అన్న అభయమును ఇస్తుంది. ఆ తరువాత ప్రవక్తగారి గతమునుండియే మూడు సంగతులను జ్ఞాపకము చేస్తుంది. అనాథగా ఉన్నప్పుడు నీడ దొరకలేదా? దారి తెలియనప్పుడు దారి చూపబడలేదా? లేమిలో ఉన్నప్పుడు కలిమి కలుగలేదా?

ఈ మూడును ప్రవక్తగారి జీవితములోని నిజమైన సంఘటనలు. వారు పుట్టకముందే తండ్రి గతించినాడు. ఆరవ ఏట తల్లి, ఎనిమిదవ ఏట తాత మరణించినారు. పెదతండ్రియైన అబూతాలిబ్ ఇంట వారికి ఆశ్రయము దొరికినది. తరువాత హజ్రత్ ఖదీజా సహధర్మచారిణి కావడముతో లేమి తీరినది. ఈ సూరాలో "ధైర్యముగా ఉండుము" అని ఊరక చెప్పి విడిచిపెట్టలేదు. ఫలానా దినము, ఫలానా ఇల్లు, ఫలానా చేయి అని వేలు పెట్టి చూపినట్లుగా గతమును ఎదుట నిలిపినది. నిరాశతో ఉన్న మనస్సునకు సామాన్య సూత్రములు పనికిరావు. తన బ్రతుకులో తాను చూచిన సాక్ష్యములే పనికివస్తాయి.

మూడు జ్ఞాపకములతో సూరా ముగియలేదు. వాటికి సరిగా జత కుదిరే మూడు విధులతో ముగిసినది. అనాథను అణచరాదు. అడుగవచ్చినవానిని కసరుకొనరాదు. ప్రభువు చేసిన మేలును చెప్పుకొనవలెను. నీకు నీడ దొరికినది గనుక నీడ లేనివానికి నీవు నీడ కావలెను. నీకు అందినది గనుక అడిగినవానికి నీవు అందించవలెను. జ్ఞాపకము మనస్సులోనే నిలిచిపోక చేతిలోనికి రావలెనని ఈ సూరా యొక్క అమరికయే చెప్పుచున్నది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. అడుగవచ్చినవాడు అన్న మాటకు బిచ్చమడిగేవాడు అన్న అర్థము ఒక్కటే కాదు. తెలిసికొనగోరి ప్రశ్న అడిగేవాడు కూడ అందులో చేరుతాడని వ్యాఖ్యాతలు వ్రాసినారు. ఆనాడు తరగతిలో లేచి నిలబడిన పిల్లవాడు ఈ రెండవ కోవకు చెందినవాడు. మేము అతనిని కసరలేదు. కాని మంచిమాటల చాటున అతని ప్రశ్నను ప్రక్కకు నెట్టివేసినాము. జుహా సూరాను కంఠస్థము చేసినవారమై ఉండి కూడ దానిలోని రెండవ విధిని ఆ గంటలో మరచిపోయినాము.

గతమును తలచుటలో మరొక మెలకువ ఉన్నది. గతములో మేలుతో పాటు కీడు కూడ ఉంటుంది. ఏది తీసి ముందు పెట్టుకొంటాము అన్నదాని మీద మన మనస్సు యొక్క ఆరోగ్యము ఆధారపడి ఉంటుంది. యూసుఫ్ ప్రవక్త కథను గమనించండి. అన్నలు ఆయనను బావిలో పడవేసినారు. పరదేశములో బానిసగా అమ్ముడుపోయినారు. చేయని తప్పునకు చెరసాల అనుభవించినారు. కడపట ఈజిప్టు దేశములో ఉన్నతపదవిలో ఉండగా తల్లిదండ్రులు, అన్నలు ఆయన ఇంటికి వచ్చినారు. అప్పుడు దేవుడు తనకు చేసిన మేళ్లను లెక్కించుచు, చెరనుండి విడిపించిన సంగతి చెప్పినారు. ఎడారినుండి తమ వారిని తెచ్చి కలిపిన సంగతి చెప్పినారు. బావినుండి బయటపడిన సంగతి మాత్రము ఎత్తలేదు. అన్నలు ఎదుటనే ఉన్నారు. బావి మాట ఎత్తినచో వారు సిగ్గుతో తల వంచుకొనవలసి వచ్చేది. మేలును తలచుట ఎదుటివాని మీద నేరము మోపుటకు సాకు కారాదన్న మర్యాద ఇందులో ఉన్నదని వ్యాఖ్యాతలు వివరించినారు.

చెర అనగానే మన జిల్లాల వారికి ఒక సంఘటన జ్ఞాపకము వస్తుంది. బ్రతుకుతెరువు కొరకు గుజరాత్‌లోని వెరావల్ వరకు వలసపోయి, అక్కడి పడవలలో వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 చివరలో సముద్రపు సరిహద్దు దాటినారన్న కారణముతో పాకిస్తాన్ వారికి చిక్కినారు. పదమూడు నెలలకు పైగా వారు చెరలో ఉన్నారు. 2020 జనవరిలో ఇరువదిమంది వాఘా సరిహద్దు గుండా స్వదేశమునకు తిరిగి వచ్చినారు. వారి ఇండ్లలోని తల్లులు, భార్యలు ఆ పదమూడు నెలలు దేని ఆధారముతో గడిపి ఉంటారు? వారిలో అధికులు గంగమ్మతల్లిని కొలిచేవారు. మనము వేరొక రీతిలో ప్రార్థించేవారము. అయినను, ఇంతకు ముందు ఎన్ని గాలివానలలో పడవ తిరిగి రాలేదు, ఈసారి కూడ వస్తుంది అన్న ఆశ ఏ గుడిసెలో ఉన్నా ఒక్కటే. సముద్రము మీద బ్రతికేవారికి గత కారుణ్య స్మరణ గ్రంథములు చదివి నేర్చుకొన్నది కాదు. అది వారి నిత్యజీవితము.

స్మరణ వ్యక్తికే గాక సంఘమునకు కూడ అవసరము. దేవుని దినములను నీ ప్రజలకు జ్ఞాపకము చేయుమని మూసా ప్రవక్తకు ఆజ్ఞ అయినట్లు ఇబ్రాహీమ్ సూరాలో ఉన్నది. దేవుని దినములు అనగా దేవుని కరుణ, దేవుని పరీక్ష స్పష్టముగా కనిపించిన దినములు. ఆ దినములలోని సూచనలు ఎవరికి తెలుస్తాయి? సహనము, కృతజ్ఞత రెండును గలవారికే అని అక్కడనే చెప్పబడినది. సబర్, షుక్ర్ అన్న ఈ రెండింటిని ఒకే త్రాటికి కట్టుట గమనింపదగినది. కృతజ్ఞత లేని సహనము పండ్లు బిగపట్టుకొని కూర్చొనుట వంటిది. సహనము లేని కృతజ్ఞత మొదటి గాలికే ఎగిరిపోతుంది.

సంఘస్మరణకు చరిత్రలో ఒక మంచి ఉదాహరణము ఉన్నది. హిజ్రీ 18వ సంవత్సరములో, అనగా క్రీ.శ. 639 ప్రాంతములో, హజ్రత్ ఉమర్ పాలనకాలమున అరేబియాలో భయంకరమైన కరవు వచ్చినది. నేల బూడిద రంగు తిరిగినందున దానికి రమాద సంవత్సరమని పేరు వచ్చినది. రమాద అంటే బూడిద. వర్షము కొరకు చేసిన ప్రార్థనలో ఉమర్‌గారు గతమును ప్రస్తావించినారు. ప్రవక్తగారి కాలములో వారిని ముందుంచుకొని అడిగితే వర్షమును ఇచ్చినావు, ఇప్పుడు వారి పినతండ్రి అబ్బాస్‌గారిని ముందుంచుకొని అడుగుచున్నాము అన్నది ఆ ప్రార్థన యొక్క సారాంశము. పూర్వపు వాన జ్ఞాపకమే కొత్త వానను అడుగుటకు ధైర్యమిచ్చినది.

కాని ఉమర్‌గారు ప్రార్థనతో సరిపెట్టుకొనలేదు. ధాన్యము పంపవలసినదిగా ఇతర ప్రాంతముల పాలకులకు వ్రాసినారు. మదీనాకు చేరిన ఆకలిగొన్నవారికి స్వయముగా వండించి పెట్టించినారు. ప్రజలకు లభించేవరకు తాము నేయి, మాంసము ముట్టనని నియమము పెట్టుకొన్నారు. ఆకలికి తాళలేక దొంగిలించినవారికి ఆ కరవుకాలములో కఠినశిక్షను అమలు జరుపలేదు. జుహా సూరాలోని మూడు విధులు ఒక రాజ్యపాలనలో ఆచరణకు వచ్చిన తీరు ఇది.

మన రాష్ట్ర చరిత్రలో కూడ జ్ఞాపకము ఆచరణగా మారిన సందర్భము ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయినారు. ఆ విషాదమును ప్రజలు గాని, ప్రభుత్వములు గాని మరచిపోలేదు. తీరము పొడుగునా తుపాను రక్షణ భవనములు లేచినవి. రాడార్లు, ఉపగ్రహములు గాలి నడకను ముందుగా తెలుపుచున్నవి. 2013లో ఫైలిన్ రాకముందు ఒడిషా, ఆంధ్ర తీరములనుండి సుమారు పదిలక్షలమందిని సురక్షిత ప్రదేశములకు తరలించినారు. హుద్‌హుద్ వంటి పెనుగాలి మహానగరము మీదనే పడినను, మన రాష్ట్రములో మృతుల సంఖ్య వందకు లోపే నిలిచినది. ఆ వందలోపు కుటుంబముల దుఃఖము తక్కువదని మా భావము కాదు. కాని వేలు పోవలసినచోట వేలు మిగిలినవి. ఒంటెను కట్టివేసిన తరువాతనే దేవుని మీద భారము వేయుమని ప్రవక్తగారు ఒక ఎడారివాసికి చెప్పినారు. వాతావరణశాఖ హెచ్చరిక వినగానే పడవను ఒడ్డుకు లాగి కట్టుట కూడ ఈ బోధకు చేరినదే. దేవుని కారుణ్యము ఆకాశమునుండి అద్భుతముగా మాత్రమే దిగివస్తుందని ఎదురుచూచేవారు, తలుపు కొట్టి "లేవండి, బడికి పోదాం రండి" అని పిలిచిన గ్రామసేవకుని గొంతులో దానిని గుర్తించలేరు.

హుద్‌హుద్ తరువాత, తిత్లీ తరువాత మనము చూచిన దృశ్యములను తలచుకొనండి. ఇతర జిల్లాలనుండి విద్యుత్ కార్మికులు వచ్చి బురదలో నిలిచి స్తంభములు ఎత్తినారు. ముఖము తెలియని ఊళ్లనుండి బియ్యము, త్రాగునీరు, దుప్పట్లు వచ్చినవి. పడిన చెట్లను రంపములతో కోసి దారి తెరచినవారు మన బంధువులు కారు. పెంకులు ఎగిరిపోయిన ఇంటివారు డాబా ఇంటివారి వసారాలో తలదాచుకొన్నారు. ఆ వసారాలో మీది ఏ కులము, మీది ఏ మతము అని అడిగినవారు లేరు. ఇవి మన కాలపు దేవుని దినములు. వీటిని వ్రాసి పెట్టుకొనకపోతే పదేండ్లలో మరచిపోతాము. నష్టపరిహారపు జాబితాలో పేరు లేదన్న కోపము మాత్రము తరతరములు నిలుస్తుంది. న్యాయముగా రావలసినదానిని అడుగుట తప్పు కాదు, అడిగి తీరవలెను. కాని కోపమునకు ఉన్నంత జ్ఞాపకశక్తి కృతజ్ఞతకు కూడ ఉండవలెనని మా మనవి.

శ్రీకాకుళము పట్టణములోని జామియా మసీదును 1641లో గోల్కొండ సుల్తానుల ప్రతినిధి షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించినట్లు ప్రసిద్ధి. దాదాపు నాలుగు శతాబ్దములలో దాని మీదుగా ఎన్ని గాలివానలు పోయి ఉంటాయో, నాగావళి ఎన్నిసార్లు పొంగి ఉంటుందో ఊహించవచ్చును. 1866లో అప్పటి గంజాం జిల్లాను పీడించిన కరవు కూడ ఈ నేల మీదుగా నడిచిపోయినదే. ప్రతి కరవులోను, ప్రతి తుపానులోను ఎవరో ఒకరు ఆ వరుసలలో నిలిచి చేతులెత్తినారు. వారి ప్రార్థనల తరువాత మనము పుట్టినాము. మన ఉనికియే ఒక విధముగా వారి దుఆకు లభించిన సమాధానము. పాత కట్టడము ముందు నిలిచినప్పుడు దాని శిల్పమునే గాక, ఈ సంగతిని కూడ తలచుకొనవలెను.

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! స్మరణ అలవాటు కావలెనంటే సుఖకాలములోనే మొదలుపెట్టవలెను. తుపాను రాత్రి ఈత నేర్చుకొనుట సాధ్యము కాదు గదా! జుహా సూరాలోని మూడు ప్రశ్నలను మీ జీవితమునకు అన్వయించుకొని చూడండి. దిక్కులేని వేళ నాకు నీడ ఇచ్చినది ఎవరు? దారి తోచని వేళ దారి చూపినది ఎవరు? ఫీజు కట్టలేని వేళ చేయి ఆడించినది ఎవరు? అమ్మమ్మనో, నానమ్మనో అడిగితే మీరు పుట్టకముందు మీ ఇంటిని నిలిపిన మేళ్లను కూడ చెబుతారు. వాటిని తేదీలతో, పేర్లతో ఒక పుస్తకములో వ్రాసికొనండి. ఆ పిమ్మట మూడు విధులను తలచుకొనండి. తండ్రి లేని సహాధ్యాయి మన తరగతిలోనే ఉండవచ్చును. అడుగుటకు సిగ్గుపడేవాడు మన ప్రక్క బల్ల మీదనే కూర్చొని ఉండవచ్చును. కళాశాల సంఘ పెద్దలకు కూడ ఇదే మా విన్నపము. తుపాను సంవత్సరములో చదువు మానుకొన్న పిల్లవానిని వెదకి తిరిగి బడికి తెచ్చుట, మేలును చెప్పుకొనుటలో ఉత్తమమైన పద్ధతి.

జుహా సూరాకు వెంటనే వచ్చే 94వ సూరాలో కష్టముతో పాటే సులభము ఉన్నదన్న మాట రెండుసార్లు వస్తుంది. కష్టము తరువాత అని గాక, కష్టముతో పాటే అని ఉన్నది. చీకటి పూర్తిగా తొలగేవరకు వేచి ఉండనక్కరలేదు. చీకటిలోనే వెదకవలసినది ఏదో ఉన్నదని దీని భావము. ఉద్దానములో ఆ వెదకులాట మొక్కల రూపములో సాగినది. ప్రళయము వచ్చి పడుచున్నను చేతిలో మొక్క ఉన్నచో దానిని నాటివేయుమని ప్రవక్తగారు బోధించినారు. ఆ హదీసును ఎన్నడును విని ఉండని రైతులు కూడ, పడిన మ్రానులను తొలగించి అదే గుంటల ప్రక్కన కొబ్బరిమొక్కలు నాటినారు. ఆరేడు సంవత్సరములు పంట రాదని తెలిసి నాటినారు. పూర్వము ఈ నేల కాచినది గనుక మళ్లీ కాస్తుందన్న జ్ఞాపకమే వారి పెట్టుబడి.

ఆ విద్యార్థి చదువు ముగించి వెళ్లి చాలాకాలమైనది. ఇటీవల పలాస బస్సు ఆగేచోట మమ్ములను చూచి దగ్గరకు వచ్చినాడు. ఆనాటి ప్రశ్నకు సమాధానము చెప్పలేకపోయినామని మేము అన్నాము. అతడు నవ్వి, "అది అలాగుండనీండి మాస్టారూ! తుపాను మరుసటేడు నాన్న నాటిన మొక్కలు ఈ ఏడు గెలలు వేసినాయి. మొదటి కాయలు ఊరిలో చెట్లు లేనోళ్లకు పంచినాడు" అని చెప్పినాడు. నీడ పొందినవాడు నీడ ఇచ్చినాడు. మేము వ్రాయదలచిన సమాధానమును ఆ తండ్రి మాకంటె ముందుగా, మాకంటె బాగుగా వ్రాసి ఉంచినాడు.

కష్టము వచ్చినప్పుడు కన్నీరు కార్చుదాము. అందులో తప్పు లేదు. కన్నీటి మధ్యనే గడచిన మేలును లెక్కపెట్టుకొందాము. లెక్క ముగిసిన తరువాత లేచి, మనకంటె ఎక్కువ కష్టములో ఉన్నవాని గుమ్మము వరకు నడుద్దాము. ఆ నడకకు కావలసిన శక్తిని పరమ కరుణామయుడైన ప్రభువు మనకందరకు ప్రసాదించుగాక! ఆమీన్.